గొంతుకు పేరు అక్కర్లేదు

మేడమ్ పోయారన్న వార్త మేడమ్ నంబరు నుంచే వచ్చింది. ఉదయం గుండెపోటుతో అమ్మ చనిపోయిందని ఆమె కూతురు తల్లి ఫోన్లో ఉన్న గ్రూపులన్నింటికీ పంపింది. శ్రీకాకుళంలో నేను అది ఇంకా చదువుతుండగానే పైడితల్లి ఫోన్ చేసింది. నౌపడ వైపు ఉప్పు మళ్ళలో కూలికి వెళ్ళే మనిషి, మేడమ్ ద్వారానే నాకు తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మేడమ్ ఫోను ఇప్పుడు ఎవులి సేతిలో ఉన్నాది బాబూ?" అని అడిగింది.

పైడితల్లి అసలు పేరు అది కాదు, మార్చాను. మేడమ్ ఉంటే అదీ చాలదనేవారు.

మేడమ్ డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత పట్టుకున్న విషయం ఒక్కటే. ఫోన్లు వచ్చాక ఉప్పు మళ్ళలో ఆడవాళ్ళు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారు? వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, వాళ్ళు ఒప్పుకున్నాకే చేరారు. అప్పుడప్పుడూ "నాను మీ మాటలు సదువుతన్నాను, గుర్తుందా?" అని అందులో పెట్టేవారు. తను ఉన్నానని మరిచిపోయి మాట్లాడిన మాట తనకు వద్దనేవారు. ఆ తర్వాత పాసింజరు రైలు ఎక్కి వెళ్ళి, వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని, అదే సంగతి నోటితో అడిగేవారు. రికార్డు చేయాలంటే ఫోన్ వాళ్ళ చేతికే ఇచ్చేవారు. బటను నొక్కేదీ, ఆపేదీ వాళ్ళే. ఎప్పుడు తీసెయ్యమంటే అప్పుడు తీసేస్తానని మాట ఇచ్చారు.

నాకు ఆమె పరిచయమైంది రాజాంలో. ప్రభుత్వం ధాన్యం కొనడం ఆపేస్తోందని ఒక తప్పుడు మెసేజ్ తిరుగుతోంది. దాన్ని మొదట ఎవరు పెట్టారో తెలుసుకుని పేపర్లో రాయడానికి నేను వెళ్ళాను. ఆమె ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి, అది పంపేముందు ఏం చేస్తున్నారని కొట్టాయన్ని అడుగుతున్నారు. పొద్దున్నించి బేరం లేదని, ఇలాంటిది పంపితే నలుగురైనా పలకరిస్తారని ఆయన చెప్పాడు. బయటికొచ్చాక నాతో, "దొంగని నువ్వు ఎతుక్కో. నాకు ఈయన సాలు" అన్నారు. మళ్ళీ లోపలికెళ్ళి బెల్లం కొన్నారు.

ఇంటికొచ్చాక మేడమ్ రికార్డులన్నీ మొదటి నుంచి చివరి దాకా వినేవారు. మనిషి మాట ఆపిన చోట "ఇక్కడ ఊరుకుంది" అని టైపు చేసుకునేవారు. నా వార్తలు చదివి ఒకసారి, "నీ పేపర్లో ఎవులూ ఊరుకోరేటి?" అన్నారు.

మేడమ్ పోయిన పది రోజులకు కూతురు విజయనగరం నుంచి ఫోన్ చేసింది. స్మారక సభలో అమ్మ చేసిన రికార్డులు వినిపిస్తామంది. ఏవి బాగుంటాయో చెప్పమంది. పేర్లన్నీ తీసేశానంది. ఒకటి సభ పెడుతున్నవాళ్ళకు అప్పటికే పంపేసింది. ఏదని అడిగాను. పైడితల్లిది.

పని దగ్గర తనకు జరిగిన సంగతి పైడితల్లి అందులో చెప్పింది. అదేమిటో ఇక్కడ రాయను. అది ఎవరి గురించో ఆ మనిషి కిందే ఆమె ఇంకా పని చేస్తోంది. మేడమ్ సభకు అటువైపు వాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళకు పేరు అక్కర్లేదు, గొంతు వింటే పోల్చుకుంటారు.

ఇదీ, మేడమ్ వాళ్ళకిచ్చిన మాటా నేను చెబితే విని, కూతురు తల్లి ఫోన్ తీసుకుని నౌపడ వచ్చింది. అక్కడ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఒక్క మాటే అంది. "ప్రశ్నలడిగేది అమ్మే కదా. ఆమె గొంతు మిగిలింది వీటిల్లోనే."

పైడితల్లి ఆమె మోకాలి మీద చెయ్యేసింది. కాసేపటికి కూతురు ఫోన్ తెరిచి పైడితల్లి చేతిలో పెట్టింది. ఎలా తీసెయ్యాలో తనే చూపించింది. ఒకరి తర్వాత ఒకరు తమవి తీసేసుకున్నారు. కూతురు తల తిప్పుకుని కూర్చుంది.

పంపేసిన రికార్డు మిగిలింది. సభ పెడుతున్నాయనతో నేను మాట్లాడాను. మేడమ్ పాత విద్యార్థి, మంచివాడే. తీసేశానన్నాడు. ఇంకెవరికైనా పంపావా అంటే గుర్తులేదన్నాడు. ఆ ముక్కే పైడితల్లికి చెప్పాను.

"గుర్తునేదంటే పంపినట్టా, పంపనట్టా?" అంది.

నాకు తెలియదన్నాను.

సభ శ్రీకాకుళంలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. ఉప్పు మళ్ళ ఆడవాళ్ళు వచ్చి చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు. వేదిక మీద వాళ్ళు మేడమ్ గురించి మంచి మాటలు చెప్పారు. పైడితల్లి వాళ్ళ వైపు చూడలేదు. గోడకు ఆనించిన స్పీకరు బాక్సునే చూస్తూ కూర్చుంది. మైకు గరగరమన్నప్పుడల్లా పక్కామె చెయ్యి పట్టుకునేది. ఎవరో లాప్‌టాప్ తెరిచినప్పుడు సగం లేచింది. తెర మీద మేడమ్ ఫొటోలు వచ్చాయి. కూర్చుంది.

సభ అయిపోయింది. అందరూ భోజనాలకు వెళ్ళారు. ఆ వరస మాత్రం కదల్లేదు. మైకు ఆయన వైర్లు చుట్టాడు, బాక్సులు మోసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. ఆటో గేటు దాటి వెళ్ళిపోయింది. అప్పుడు పైడితల్లి లేచి, ఖాళీ కుర్చీల మధ్య నుంచి నడిచి, మేడమ్ ఫొటో ముందు నేల మీద కూర్చుని ఏడ్చింది.