మునిరత్నం మోయని గంప

నా కూతురి పెళ్ళికి గంప మోయని మేనమామ నిన్న పోయాడు.

ఫోన్‌లో చెప్తుంటే, ఏ మునిరత్నం అని రెండు సార్లు అడిగాను. నాకున్నది ఒకే బామ్మర్ది. అయినా అడిగాను.

మాలో పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామే పీటల దగ్గరికి ఎత్తుకొస్తాడు. మునిరత్నం కొండ మీద ఒక చిన్న డాములో ఆపరేటర్. లీవు పెట్టి, బ్యాగ్ సర్దుకొని బయలుదేరే టైముకు రాష్ట్రమంతా కరెంటు పోయింది. వాడు బ్యాగ్ కింద పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

ఇక్కడ పట్నంలో, వాషర్‌మెన్‌పేట్ మండపంలో ఫ్యాన్లు లేవు. అందరికీ చెమటలు. గంప మూలన ఉంది. అమ్మాయి నడిచే వచ్చింది.

తలంబ్రాలప్పుడు లైట్లు వెలిగాయి.

నెల తర్వాత మునిరత్నం ఇంటికొచ్చాడు.

"గంప మొయ్యలేకపోతి. కరెంటు మోస్తి కదా బావా. ఆ లైటు నేను పంపిందే."

"ఈడ సముద్రం పక్కన అంతంత బొగ్గు ప్లాంట్లుంటే, నీ బిందెడు నీళ్ళ కరెంటు మాకెందుకురా?" అన్నాను.

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కాఫీ తాగకుండా లేచాడు.

మళ్ళీ మా గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు.

నిన్న శవం దగ్గర వాడి పాత షిఫ్ట్ మేట్ ఒక సంగతి చెప్పాడు. లైన్లన్నిట్లో కరెంటు పోతే పెద్ద ప్లాంటు తనంతట తాను లేవదంట. దాని పంపులు తిరగాలన్నా బయట నుంచి కరెంటు రావాలంట. చిన్న డాముకు ఆ బాధ లేదు. గేటు ఎత్తితే నీళ్ళే మిషన్ను తిప్పుతాయి. ఆ కరెంటు పంపించి పెద్దదాన్ని లేపుతారంట. పెళ్ళి రోజు మునిరత్నం చేసింది అదేనంట.

అయితే మండపంలో వెలిగింది వాడిదేనా అని అడిగాను.

"లైన్లో కలిసిపోయినాక ఎవరిదని చెప్పేదానికి కాదు పెద్దాయనా" అన్నాడు.

ఇదేం జవాబు?

రాత్రంతా ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్నాను. ఇన్నేళ్ళూ నేను తిట్టింది ఎవరిని? పెళ్ళికి రాని మేనమామనా, పెళ్ళికి లైటు పెట్టిన మేనమామనా?

వచ్చే ఆదివారం కర్మ. వాడి ఫోటో ముందు నేను ఒక మాట చెప్పాలి. తప్పు నాదని తెలిస్తే అందరి ముందే ఒప్పుకుంటాను. తెలియకుండా ఊరికే చేతులు జోడించే మనిషిని కాను.

మునిరత్నం, షిఫ్ట్ అయిపోయిందిరా. ఇంక నిమ్మళంగా పడుకో.

ఇది చదివేవాళ్ళలో కరెంటు పని తెలిసినవాళ్ళున్నారు. ఆ లైటు వాడిదా, కాదా? శనివారం సాయంత్రం లోపల నాకు చెప్పండి. కలిసిపోతుంది అని మాత్రం చెప్పకండి.