అత్త బుగ్గలోని గడ్డ

పోయిన వారం ఆలేరు నుంచి చిన్నాన్న ఫోన్ చేసి, మా మేనత్త నిద్రలోనే పోయిందని చెప్పాడు. ఏడుపు కంటే ముందు నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. ఎలా పోయిందో తెలుసుకోవాలని అందరికంటే ఎక్కువగా అత్తకే ఉండి ఉంటుంది.

అంత ఆరా ఆమెది. మిక్సీ బాగుచేసే అతని పక్కనే కూర్చుని, అదెందుకు ఆగిందో చెప్పేదాకా అతన్ని కదలనిచ్చేది కాదు. నేతగాళ్ల ఇంట పుట్టి నేతగాళ్ల ఇంటికే వెళ్లింది కదా, కొత్త చీర చేతికిస్తే ముందు తిరగేసి చూసేది. "మీదికెల్లి అందరు సూస్తరు, లోపటేమున్నదో సూడాలె" అనేది.

అలాంటి మనిషి తన బుగ్గ లోపల పెరుగుతున్న గడ్డ సంగతి మాత్రం ఏళ్లపాటు దాచింది. మామ నోటి క్యాన్సర్‌తో పోయాడు. తనదీ అదేనని భయం. పళ్ల సెట్టు పెట్టించుకోబోతే గడ్డ అడ్డం వచ్చి సంగతి బయటపడింది. నేను నల్లగొండలో పళ్ల దవాఖాన ల్యాబు డాక్టర్ని, నోట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి రోగం చెప్పడం నా పని. అందుకని నా దగ్గరికే వచ్చింది. వేలితో నొక్కితే గడ్డ మెత్తగా జారింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది కానీ, తీసి చూడందే ఏమీ చెప్పలేను.

తీసిన రోజు, బుగ్గలో దూది ఉండగానే ఆ ముక్కను చూపించమంది. మందు నీళ్ల సీసాలో వేస్తే పసుపుపచ్చగా పైకి తేలింది.

"గిది మునుగుతలేదేందే కోడలా?"

"కొవ్వు గదా అత్తా, తేలుతది."

"అయితే క్యాన్సర్ గాదా?"

"జర ఆగు. లోపట సూసి చెప్త."

స్లైడు తయారయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. అన్నం సరిగా తినలేదు, ప్రశ్నలు మాత్రం మానలేదు. కొవ్వుగడ్డల్లో రకాలుంటాయా అని అడిగింది. ఉంటాయన్నాను. కొన్నింట్లో వట్టి కొవ్వే ఉంటుంది. కొన్నింట్లో కొవ్వు మధ్య నారపోగులు అల్లుకుంటాయి, కొన్నింట్లో సన్నని రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి. ఉమ్మి గ్రంథిని తమలో కలుపుకునేవీ ఉన్నాయి. ఎప్పుడో ఒకటి లోపల ఎముకను కూడా పెంచుకుంటుంది. ఇవేవీ ప్రాణం తీసేవి కావని, అరుదుగా వచ్చే చెడ్డ రకం కాదని మాత్రం స్లైడే తేల్చాలని కూడా చెప్పాను.

"ఎముకనా! బుగ్గల ఎముకెందుకొస్తదే?" అంది, తన భయం కాసేపు మర్చిపోయి.

స్లైడు ముందు నేను చూశాను. మా పెద్ద డాక్టరుకూ చూపించాను. చెడ్డదేమీ లేదు, నారపోగుల రకం. "ఏం గాదత్తా" అనగానే మామను తలుచుకుని భోరుమంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఏదీ, నన్ను సూడనియ్యి" అంటూ నన్ను పక్కకు జరిపింది.

చాలాసేపు చూసింది. "గులాబి పోగులు కనవడ్తున్నయి. నడుమ అన్ని ఖాళీ అర్రలే. కొవ్వేదే?"

స్లైడు తయారుచేసే మందుల్లో కొవ్వు కరిగిపోతుందని, ఆ ఖాళీ గదుల చుట్టూ ఉన్న పల్చటి గోడలే మిగులుతాయని చెప్పాను.

"మరి లేనిదాన్ని సూసి కొవ్వని ఎట్ల చెప్తవే?"

"అదున్న జాగా మిగిలింది గదా అత్తా. దాన్ని సూసే."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఊరికి వెళ్లి వాడకట్టంతా "నాది పోగుల రకం" అని చెప్పుకుని తిరిగిందట. నా చదువు మీద నాకు అంత ఇష్టం కలిగించిన మనిషి ఇంకొకరు లేరు.

అంత్యక్రియల రోజు ఇల్లంతా జనం. మగ్గం పక్కన, అత్త కూర్చుని నూలు కండెలు చుట్టే చోట మాత్రం ఎవరూ కూర్చోలేదు. గచ్చు అక్కడ నున్నగా అరిగి, ఒక మనిషి కూర్చునేంత మేర మెరుస్తోంది.