మా అన్న మోకాలు, మా పెద్దమ్మ చెయ్యి

మేడిపల్లిలో ఒక ఇంటి ముందు పందిరి కింద నిలబడి ప్రసంగిస్తున్నాను. దేవుడు గుర్రాల బలాన్ని చూసి మురిసిపోడు, మనుషుల కాలి సత్తువను చూసి సంబరపడడు అనే మాట దగ్గర గొంతు పెంచాను. జేబులో ఫోను మోగింది. వాక్యం చెప్పేటప్పుడు నేను ఫోను ఎత్తను. అది ఆగి మళ్లీ మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఎత్తితే కోరుట్ల నుంచి మా అన్న.

"అమ్మ పోయింది తమ్మీ. చాయ్ తాగుకుంట గట్లనే ఒరిగింది."

అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మ మా అమ్మకు అక్క. నాకు అన్నం పెట్టింది, బట్టలు కొనిచ్చింది. దెబ్బలైతే ఇంకా ధారాళంగా ఇచ్చింది. పోయినవాళ్లను గురించి రాసేటప్పుడు చల్లని చెయ్యి, చల్లని తల్లి అని రాయడం ఆనవాయితీ. నేను రాయను. వాక్యం పట్టుకున్నవాణ్ణి, అబద్ధం రాయలేను. మా పెద్దమ్మది కొట్టే చెయ్యి.

మిగతా వేళంతా ఆ చెయ్యి బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ ఎదురుగా కూర్చుని చుట్టేది. పనిలో ఉండగానే మాలో ఎవడైనా తిక్కపని చేస్తే పెద్దమ్మ కుడిచెయ్యి వచ్చి వీపు మీద పడేది. పడి వెనక్కిపోయి, విడిచిన ఆకును మళ్లీ అందుకునేది. బీడీ మాత్రం చెడేది కాదు.

ఆమె మా దేవుణ్ణి నమ్ముకోలేదు. పోచమ్మకు బోనం ఎత్తేది. అయినా వాడకట్టులో నేను కూడిక పెడితే చాట ఎత్తుకొచ్చి, ఖాలాను వెంటేసుకుని, వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. నేను నరకాగ్ని గురించి ఉరుముతుంటే ఆకు కత్తిరించే చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఒకసారి కూడిక అయ్యాక దగ్గరికి పిలిచింది.

"నీ దేవుడు మంచోడే కొడుకా. నువ్వే ఉత్తగ ఒర్రుతవ్. ఆయనకేమన్న చెవుడా?"

ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపాలని బోధించిన రోజు ఖాలా తల ఊపింది. పెద్దమ్మ ఊపలేదు. "గట్లయితే కొట్టెటోని రెండు చేతులు నొస్తయి. ఎవనికి లాభం?" అంది.

ఇప్పుడు చెప్పబోయేది తెలంగాణ కోసం రోడ్లన్నీ రగిలిన రోజుల సంగతి. బడులు బంద్, బస్సులు బంద్. ప్రతి చౌరస్తాలో ఒక దీక్షా శిబిరం. మా అన్న కోరుట్ల కబడ్డీ జట్టుకు రెయిడర్. కూత పెట్టి గీత దాటితే ఎవరినో ఒకరిని ముట్టకుండా వచ్చేవాడు కాదు. ముత్యంపేట దారిలో రాస్తారోకో చేస్తుండగా లాఠీ వచ్చి అతని కుడి మోకాలు మీద పడింది. మోకాలు గుమ్మడికాయంత అయింది. పెద్దమ్మ కోడిగుడ్డు సొన, పసుపు కలిపి పట్టు వేసి, "మంచం దిగితె ఇంకో కాలు నేనే తీస్త" అని చెప్పింది.

ఉద్యమం పేరు మీదనే సిరిసిల్లలో కబడ్డీ పోటీలు పెట్టారు. అన్న దెబ్బ తినకముందే మావాళ్లు సెమీఫైనల్లో జగిత్యాలను ఓడించి వచ్చారు. ఫైనల్ సిరిసిల్ల మగ్గాల కార్మికుల జట్టుతో. శిబిరం నడిపే కుర్రవాడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, కోరుట్ల ఇజ్జత్ సవాల్. అన్న లేకుంటె ఎట్ల?"

"మీ ఇజ్జత్ మీరే ఆడుకోండ్రి. వానికి మోకాలు లేదు."

వాళ్లు వెళ్లిపోయినట్టే వెళ్లారు. ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే తిరిగొచ్చి, మా అన్నను మంచంతో సహా ఎత్తి డీసీఎం వ్యానులో పెట్టుకున్నారు. దించండిరా అని అరుస్తూ నేను వెనక తలుపు పట్టుకుని వేలాడాను. "ప్రార్థన చెయ్యి పాస్టర్ సాబ్, సిరిసిల్ల చేరెలోపల నయమైతది" అని నన్నూ లోపలికి గుంజారు. మా అన్న కూడా నవ్వాడు. ఆట పిచ్చి అలాంటిది.

అతను ఆడాడు. మోకాలుకు తువ్వాలు బిగించి కట్టి మొదటి సగమంతా ఆడాడు, రెండో సగమూ ఆడాడు. చివరి రెయిడ్ అతనిదే. ఒక్క పాయింటు వస్తే సమానం. కూత పెట్టి వెళ్లి, ఒకణ్ణి ముట్టి వెనక్కి తిరగబోయాడు. నడుము తిరిగింది, మోకాలు తిరగలేదు. మూలన ఉన్నవాడు మడమ పట్టాడు, మిగిలినవాళ్లు మీద పడ్డారు. కూత అరుపుగా మారడం నేను విన్నాను.

తర్వాత జరిగింది యుద్ధం. జై తెలంగాణ అనే వాళ్లే ఇటు, జై తెలంగాణ అనే వాళ్లే అటు. కుర్చీలు లేచాయి, రాళ్లు లేచాయి. ఒకడి దవడ పగిలింది, ఇంకొకడి చెవి తెగింది. ఒకే తల్లి కోసం కొట్లాడుతున్న బిడ్డలు ఒకరి నెత్తి ఒకరు పగలగొట్టుకున్నారు. తిరుగు దారిలో ఆ కసి తీరక మావాళ్లు ఒక లారీకి నిప్పు పెట్టారు. ముందు నిలబడి పెట్టించింది శిబిరం కుర్రవాడే. మంటల వెలుగులో మా అన్న మంచం మీద పళ్లు బిగబట్టి పడుకుని ఉన్నాడు. అతని వైపు ఎవరూ చూడలేదు.

తెల్లవారగానే పెద్దమ్మ వాకిట్లో పంచాయితీ మొదలైంది. జనం చేరారు. ఎందుకు ఓడిపోయామన్నది ప్రశ్న. సాక్ష్యం చెప్పాల్సింది మోకాలు.

"మోకాలు చిప్ప పక్కకు జరిగింది. నేను దగ్గర్నుంచి జూసిన," అన్నాడు సైకిల్ షాపాయన.

"ఏం జూసినవ్? చిప్ప జరిగినోడు మొదటి ఆటల బోనస్ గీత ఎట్ల తొక్కిండు?"

"గది మోకాలు గాదు, దమ్ము. దీక్షల కూసొని కూసొని సత్తువ వోయింది."

"నీకు పోలేదా? దినాం కూసుంటవ్ గద!"

"నేను నడుమ నడుమ లేసి ఇడ్లి తింట."

నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఎవడో అన్నాడు: "మోకాలు లేదు, దమ్ము లేదు. సిరిసిల్లోల్లకు అమ్ముడువోయిండు."

నవ్వులు ఆగాయి. ఆ రోజుల్లో అమ్ముడుపోయాడన్న మాట మనిషి మీద పడితే పెట్రోలు పడ్డట్టే. లారీకి పెట్టిన నిప్పు ఇంటికి పెట్టడం ఎంతసేపు? శిబిరం కుర్రవాడు లేచాడు.

"లొల్లెందుకు? బయటికి తెచ్చి గుంజీలు తీపిద్దాం. తీస్తె ద్రోహి, తీయకుంటె మోకాలు పోయినట్టు."

మా పెద్దమ్మ గడపలో నిలబడింది. "ఎద్దును కొనెటోడు పండ్లు జూస్తడు. మీరేం కొంటర్రా నా ఇంట్ల? మంచంతోటి ఎత్తుకపొయినప్పుడు యాడికి వోయినయ్ మీ కండ్లు?"

వాడు ఆమెను భుజంతో నెట్టి లోపలికి వచ్చాడు. నేను అడ్డం పోతే నన్నూ నెట్టాడు. మా అన్న మోకాలు మీద బొటనవేలు పెట్టి బరువంతా వేసి ఒత్తాడు. మా అన్న అరిచిన అరుపుకు ఎదురింటి మేకలు తాళ్లు తెంపుకున్నాయి.

పొయ్యి పక్కన తుమ్మకట్టెలు ఉన్నాయి. అందులో ఒకటి ఆమె చేతిలోకి వచ్చింది. వాడి మణికట్టు విరిగిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. వాడు అక్కడే సొమ్మసిల్లి పడ్డాడు. బయట జనం భగ్గుమన్నారు. రాళ్లు పడ్డాయి, పెంకులు పగిలాయి. ఒక పెంకు ముక్క ఆమె నుదురు చీల్చింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా కట్టె దించలేదు. "రాండ్రి, చేతులెన్ని ఉన్నయో అన్నీ తెచ్చుకోండ్రి!" అని గడపలోనే నిలబడింది.

అప్పుడు వీధి చివర ఎవరో "పోలీసులు!" అని కేక పెట్టారు. లారీ తగలబెట్టినవాళ్ల కోసం వచ్చారు. ఒక్క క్షణంలో వాకిలి ఖాళీ అయింది. కుర్రవాడు మాత్రం మా ఇంట్లో నేల మీద ఉన్నాడు. దొరికితే చచ్చేదాకా కొడతారని అందరికీ తెలుసు. మా పెద్దమ్మ వాణ్ణి కాలరు పట్టి ఈడ్చి, మా అన్న పక్కన మంచం మీద పడేసి, ఇద్దరి మీదా ఒకే గొంగడి కప్పింది. ఖాలా ఏమీ అడగకుండా గుడ్డుసొన, పసుపు తెచ్చి వాడి మణికట్టుకు పట్టు వేయడం మొదలుపెట్టింది.

ఎస్సై లోపలికి వచ్చాడు. "ఎవరే వీళ్లు?"

"ఇద్దరు నా కొడుకులే సారు."

"నీకు ఒక్కడే అన్నరు గద?" ఆయన చూపు నా మీదికి, నా చంకలోని గ్రంథం మీదికి తిరిగింది. "నువ్వు దేవుని పుస్తకం పట్టినోనివి. అబద్ధమాడవ్. దాని మీద చెయ్యి పెట్టి చెప్పు. వీడు ఈమె కొడుకేనా?"

ప్రియులారా, అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది ఆజ్ఞ. పలకకపోతే ఒక ప్రాణం పోతుంది. నేను చెయ్యి పెట్టాను. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఈ రోజుకీ నాకు తెలియదు, ఎందుకంటే మాట బయటికి వచ్చేలోపు పెద్దమ్మ చెయ్యి నా చెంప మీద పడింది. గ్రంథం ఒక దిక్కు, నేను ఒక దిక్కు.

"వీన్నడుగుతవేంది సారు! నా చెల్లె కొడుకు. నోరు తెరిస్తె తెల్లారెదాక మూయడు. నీకేమన్న పని లేదా?"

కానిస్టేబుళ్లు నవ్వారు. ఎస్సై నవ్వలేదు. "మరి వీని చెయ్యేంది?"

"నేనే ఇరగ్గొట్టిన. మాటిననోనికి నా ఇంట్ల గిదే శాస్తి."

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన ఆమె నుదుటి నెత్తురునూ కట్టెనూ నా చెంపనూ చూశాడు. లాఠీ ఎత్తి ఆమె వీపు మీద ఒక్కటి వేసి, "నోరు జాస్తి" అని బయటికి నడిచాడు.

జీపు చప్పుడు పోయాక కుర్రవాడు గొంగడి కింద ఏడవడం వినిపించింది. "తప్పయింది పెద్దమ్మా."

"నాకు జెప్పకు. గా మోకాలుకు జెప్పు."

వాడు ఎడమచేత్తో మా అన్న మోకాలు ముట్టబోయాడు. "మొక్కుతె మొక్కు గని ఒత్తకురా," అన్నాడు మా అన్న. అందరికన్నా ముందు ఖాలా నవ్వింది.

అబద్ధ సాక్ష్యం మీద నేను తర్వాత ఎన్నో ఊళ్లలో బోధించాను. గంభీరావుపేటలో కూడా అడిగి మరీ చెప్పించుకున్నారు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎడమ చెంప వేడెక్కుతుంది. నన్ను ఒక పాపం నుంచీ ఒక ద్రోహం నుంచీ ఒకే దెబ్బతో తప్పించిన బోధకురాలు ఆమె. నా అరుపులన్నీ కలిపినా ఆ దెబ్బంత వాక్యం కాలేదు.

మా అన్న మళ్లీ ఆడలేదు. మోకాలు వంగకుండా బిగుసుకుపోయింది. కోరుట్లలో వాదన మాత్రం ఏళ్ల తరబడి సాగింది, చిప్పా, నరమా, దమ్మా అని. రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు పేలుతుంటే ఎవరో ఆమె చేతిలో మిఠాయి పెట్టారు. "రాష్ట్రం అచ్చింది. మోకాలు రాలే," అంది. అని, మిఠాయి నోట్లో వేసుకుంది.

మేడిపల్లి నుంచి నేను చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. నిప్పుకుండ పట్టుకుని మా అన్న ముందు నడిచాడు. అలవాటు ప్రకారం డప్పులు జోరుగా మొదలయ్యాయి. నాలుగడుగులు పోయాక డప్పులవాళ్లు వెనక్కి చూశారు, దెబ్బ నెమ్మది చేశారు. ఆ రోజు వాకిట్లో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు, తలలు నెరిసి. ఎవరూ అతన్ని దాటిపోలేదు, కాలి గురించి ఎవరూ మాట్లాడలేదు. తారు రోడ్డు దిగి వాగు బాట పట్టాక, వంగని కాలు నేలను ఒరుసుకుంటూ పోయినంత మేరా దుమ్ములో ఒక గీత పడింది. పాడె మోసేవాళ్లు ఆ గీతను తొక్కకుండా, దానికి అటూ ఇటూ అడుగులు వేసుకుంటూ వాగు దాకా నడిచారు.