కోల్డ్ స్టోరేజీలో తొమ్మిది మందిమి

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. నిజం చెప్పాలంటే ఆసక్తి కూడా లేదు. దెయ్యాన్ని చూశామని ఒక ఊరంతా ఒకేసారి ఎలా నమ్ముతుందన్నదే నాకు ఆసక్తి. నేను చదివిన సోషల్ సైకాలజీలో అదీ ఒక భాగమే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

మాది దర్శి దగ్గర పల్లె. ఎమ్మే అయ్యాక ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. చుట్టాలంతా నేను పిచ్చాసుపత్రిలో డాక్టర్నవుతున్నానని అనుకున్నారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా, నలుగురిలో ఉన్నప్పుడు మరోలా ఎందుకు నడుచుకుంటాడో చదువుతున్నానని చెబితే, "దానికి ఉద్యోగం ఎవరిస్తారమ్మా?" అని నాన్న అడిగారు. నేను తల వంచుకుని బస్సెక్కాను.

నా పరిశోధన కూలి ముఠాల మీద. ప్రమాదం వచ్చినప్పుడు ముఠాలో ఎవరు ఎవరి మాట వింటారన్నది అంశం. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎనిమిది మంది ఆడవాళ్ల ముఠా దొరికింది. షెడ్డులో కూర్చుని తాలు కాయలు ఏరేవాళ్లు. వాళ్ల పెద్ద మరియమ్మ, యాభై దాటిన మనిషి. మొదట్లో నన్ను యజమాని పంపిన మనిషినని అనుకుని ముక్తసరిగా మాట్లాడేవాళ్లు. నెల తిరిగేసరికి నా క్యారేజీలో కూర వాళ్ల గిన్నెల్లోకి, వాళ్ల పచ్చడి నా అన్నంలోకి వచ్చేవి.

మే నెల, మధ్యాహ్నం. చిరిగిన బస్తాల నుంచి రాలిన కాయలు ఊడ్చుకురమ్మని సూపర్‌వైజర్ వాళ్లని చల్లగదిలోకి పంపాడు. పని చూద్దామని నేనూ వెళ్లాను. నా ఫోన్ ఆఫీసులో చార్జింగ్‌కి పెట్టి ఉంది. వాళ్ల ఫోన్లు అన్నం సంచుల్లో బయటే ఉన్నాయి. నా మెడలో చిన్న రికార్డర్ మాత్రం వేలాడుతోంది.

పొడవాటి గది. కప్పు దాకా బస్తాలు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత దారులు. మేం చివరికంటా వెళ్లాక కరెంటు పోయింది. చల్లదనం బయటికి పోకూడదని ఎవరో వెంటనే తలుపు మూసేశారు. లోపల మనుషులున్నారని వాళ్లకి తెలియదు.

"ఎవరూ కదలమాకండి. చేతులు పట్టుకోండి," అంది మరియమ్మ.

ముందు ఆమె, చివర నేను. వరసగా తలుపు దాకా నడిచి బాదాం, అరిచాం. జానెడు మందం తలుపు అది. బయట అందరూ అన్నాలకి వెళ్లి ఉంటారు. చలికి వేళ్లు కొయ్యబారుతున్నాయి. మిర్చి ఘాటు గొంతులో దిగబడింది. నా ముందున్న నాగమణికి ఉబ్బసం. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది, మధ్యలో ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. రికార్డర్ మీది ఎర్రచుక్క తప్ప నాకేమీ కనపడటం లేదు.

అప్పుడే నా ఎడమ చేతిని ఎవరో పట్టుకున్నారు. వరస తారుమారై ఎవరో నా వెనక్కి వచ్చారనుకున్నాను. కాస్త ధైర్యంగా కూడా అనిపించింది. పొడిగా, గరుగ్గా, వెచ్చగా ఉన్న చెయ్యి.

మనుషులు తప్పిపోకుండా లెక్క చెప్పమంది మరియమ్మ. ఒక్కొక్కరూ చెప్పుకుంటూ వచ్చారు. నేను "తొమ్మిది" అన్నాను.

నా వెనక "పది" అని వినిపించింది. ఆడగొంతు, నెమ్మదిగా.

నాగమణి దగ్గు కూడా బిగబట్టింది. "ఎవరే అది?" అని మరియమ్మ అడిగింది.

చెయ్యి విడిపించుకోవాలని చూశాను. వదల్లేదు. గట్టిగా గుంజనూ లేదు. తలుపుకి దూరంగా, లోపలి వైపుకి రమ్మన్నట్టు లాగింది. ముందు మూసిన తలుపు, వెనక ఆ చెయ్యి. నాకు ఏడుపొచ్చింది. నాగమణి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. నేను నడిచాను. నన్ను పట్టుకుని నాగమణి, ఆమె వెనక అందరూ.

రెండు మలుపులు తిరిగాం. ఒకచోట బస్తాల మధ్య ఒళ్లు ఒరుసుకుంటూ పక్కకి దూరాల్సి వచ్చింది. అక్కడ ఆ చెయ్యి నన్ను వదిలేసింది. చాచిన అరచేతికి ఇనప గడియ తగిలింది.

రెండు చేతులా లాగాను. చిన్న తలుపు తెరుచుకుని ఎండ మొహాన కొట్టింది. తొమ్మిది మందిమి బయటపడ్డాం. గడియ లోపలి వైపు నుంచి వేసి ఉంది కాబట్టి మాకంటే ముందు ఎవరూ అటుగా వెళ్లి ఉండరు. కరెంటు వచ్చాక గదంతా వెతికారు. ఎవరూ లేరు. ఆ గదికి రెండో తలుపు ఉందనే తనకు తెలియదన్నాడు సూపర్‌వైజర్.

నాగమణిని ఆసుపత్రికి పంపాక, నాకు తెలిసిన పనే నేను చేశాను. మిగిలిన ఏడుగురినీ ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వకుండా, విడివిడిగా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి అడిగాను. నాగమణిని రెండు రోజుల తర్వాత మంచం దగ్గరే అడిగాను. ఎనిమిది మందీ "పది" విన్నారు. ముసలి గొంతని కొందరు, చిన్నపిల్ల గొంతని ఇద్దరు అన్నారు. రికార్డర్‌లో మాత్రం తొమ్మిది వరకే ఉంది. తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మరియమ్మ ప్రశ్న.

అక్కడ ఎప్పుడైనా ఎవరైనా చనిపోయారా అని కట్టినప్పటి నుంచీ ఉన్న వాచ్‌మన్‌ని అడిగాను. అలాంటిదేమీ జరగలేదన్నాడు. "దేవుడు పంపాడనుకో అమ్మా. నేనట్టాగే అనుకుంటన్నా," అంది మరియమ్మ. అలా అనుకోగలిగితే నా ప్రాణం హాయిగా ఉండేది.

భయపడిన గుంపు లేని మనిషిని తనలో కలుపుకోవడం కొత్తేమీ కాదన్నారు మా గైడ్. ఒకరు విన్నామనుకుంటే అందరూ విన్నామనే అనుకుంటారట. చెయ్యి సంగతి, చలికి మొద్దుబారిన ఒంటి భ్రమ అన్నారు. మరి తలుపో? ముందెప్పుడో చూసి మరిచిపోయి ఉంటావన్నారు. నేను ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

పీహెచ్‌డీ పూర్తయింది. ఉద్యోగమూ వచ్చింది, ఇప్పుడు ఒక కాలేజీలో ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. నా వైవా రోజున, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు నేను రాసిన ఆ ప్రమాదం పేజీల దగ్గర ఆగి, అంత చీకట్లో తలుపు ఎలా కనిపెట్టారని అడిగారు.

"తడుముకుంటూ వెళ్తే దొరికిందండి," అన్నాను.

ఆయన తలూపి పేజీ తిప్పారు. నా పరిశోధన మొత్తంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. నిజం ఏమిటో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.