గాలి ఎక్కువైందన్న మాట

టవర్ క్రేన్ నడిపేవాడు ఎక్కడో పైన గూడులాంటి గదిలో కూర్చుంటాడు. కింద సిగ్నల్ ఇచ్చేవాడు రేడియోలో చెప్పినదాన్ని బట్టి ఎత్తుతాడు, దించుతాడు. మలేషియాలో మేం పనిచేసే సైటులో పైన మా చిన్న మావయ్య, కింద నేను. నాకా పని ఇప్పించిందీ ఆయనే. రేడియోలో మలయ్‌లోనే మాట్లాడాలని రూలు. మేం మాత్రం తెలుగులోనే కానిచ్చేవాళ్లం. సైటు మొత్తంలో ఇంకెవరికీ అర్థం కాదని నాకదో గొప్ప.

గాలి మీటరు మావయ్య పక్కనే ఉంటుంది. అది మోగితే బరువు ఎత్తకూడదు. కొక్కెం పైకి లాగేసి, బ్రేకు వదిలి, క్రేన్ చేతిని గాలి ఎటు తిప్పితే అటు తిరగనివ్వాలి. ఇదంతా నాకు తెలియక కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక్క పలక మిగిలింది. కాంక్రీటు పోయడానికి నిలబెట్టే చెక్క పలక, ఇంటి గోడంత ఉంటుంది. అది ఎక్కితే అందరం ఇళ్లకు పోవచ్చు. నా ధ్యాసంతా మా ఊరు బంటింగ్ వెళ్లే బస్సు మీదే.

"ఒరే, మీటరు మోగతంది. గాలి ఎక్కువైనాది. సోమారం ఎత్తుదాం, సెప్పు లా," అన్నాడు మావయ్య రేడియోలో, ఇక్కడి అలవాటుగా చివర 'లా' తగిలించి.

ఏమంటున్నాడని పక్కనున్న సేఫ్టీ ఆఫీసర్ అడిగాడు. అంతా బాగానే ఉందంటున్నాడని మలయ్‌లో చెప్పాను. పైనున్న మావయ్యకు మాత్రం, "కింద గాలి లేదు మావా, ఆఫీసరు ఎత్తమంతన్నాడు," అన్నాను.

"సరే, నువ్వు సూస్తన్నావు కదా."

పలక సగం ఎక్కిందో లేదో, గాలి దాన్ని గిర్రున తిప్పేసింది. స్లాబు అంచున ఉన్న పనివాడు వెనక్కి పడబట్టి ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం విరిగింది.

గాలి సంగతి ఎందుకు చెప్పలేదని ఆఫీసు గదిలో మావయ్యను నిలదీశారు. తన మాట ఎవరికీ చేరలేదని ఆయనకు అప్పుడే తెలిసింది. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నోరు తెరిస్తే నా పని పోతుంది, అంతకు మించి కారణం లేదు. "సలా సాయ," అన్నాడాయన, తప్పు తనదేనని మలయ్‌లో. మళ్లీ ఆయన్ను క్రేన్ ఎక్కనివ్వలేదు. నేనింకా అక్కడే పనిచేస్తున్నాను, సిగ్గులేకుండా.

మొన్న మా అక్క మనవరాలికి పేరు పెట్టిన రోజు మావయ్య వడ్డించాడు. "ఏటి, ఇంకాసింత ఎయ్యమంతావా?" అని ఒక్కొక్కరినీ నవ్వుతూ అడుగుతూ వచ్చాడు. నా ఆకు దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

"నాక్ తంబా?" అన్నాడు. ఇంకా కావాలా అని, ముక్కూమొహం తెలియనివాడిని అడిగినట్టు, మలయ్‌లో.

"సాలు మావా," అన్నాను. ఆయన అప్పటికే పక్క ఆకు దగ్గర తెలుగులో మాట్లాడుతున్నాడు.