టబ్బులో ఎండ్రకాయ

పెంచలమ్మకు ఆ ఎనిమిది రోజులూ అన్నం సయించలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి గుమ్మంలోకి వచ్చేది. గుమ్మంలోంచి వీధి చివరిదాకా పోయేది. అక్కడ ఎవరూ లేరని తెలిసి కూడా కాసేపు నిలబడి వచ్చేది. అబిగయీలు బడికి రావడం లేదు, దానికి కారణం తానేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి కడుపులో పెట్టుకుని కుదురుగా కూర్చోవడం ఎవరి వల్లనవుతుంది?

నెల్లూరులో పెన్న గట్టు కింద యానాదుల కాలనీ ఉంది. అక్కడి పిల్లల కోసం ఒక సంస్థ వాళ్లు సాయంత్రం బడి పెట్టారు. లెక్కలూ ఇంగ్లీషూ చెప్పడానికి చదువుకున్న అమ్మాయిలు వచ్చారు. పిల్లలకు తమవాళ్ల పనులూ పాటలూ కూడా తెలియాలని పెంచలమ్మను పిలిచారు. వేలిముద్ర వేసే మనిషి టీచరమ్మ ఏంటని కాలనీ అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. రెండో తరగతిలో అయ్యవారు ఒక్కసారి గదిమితే పలక అక్కడే వదిలేసి వెళ్లిపోయిన మనిషాయె. కానీ తమాషా చూడండి, ఆదివారాలు పిల్లల్ని పెన్నలోకి దింపి చేపను చేత్తో తడిమి పట్టడం నేర్పినప్పటి నుంచి, వాళ్లు సోమవారం బడికి తల ఎత్తుకుని పోసాగారు. అందరికంటే చురుకు అబిగయీలు. పన్నెండేళ్లు, ఏడో తరగతి.

సంస్థలో పెద్ద సుశీల్ కుమార్. మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది తంటా, కాదనడానికి నోరు రాదు.

"అతిథులు వస్తున్నారు పెంచలమ్మగారూ. స్కూలు పిల్లల్ని కూడా పిలిచాం. టబ్బులో నీళ్లు పోసి, అబిగయీలు చేత ఎండ్రకాయ పట్టిద్దాం" అన్నాడు.

ఎండ్రకాయను బురదలో, దాని బొక్కలో, వెనకనుంచి వీపు మీద చెయ్యి ఆనించి పట్టాలి. ముందు కాళ్లు పైకెత్తి ఎదురు నిలబడినదాని మీద తెలిసినవాళ్లెవరూ చెయ్యి వెయ్యరు. ఆ మాట పెంచలమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది.

"అట్నే సార్" అంది.

పెద్దవాళ్లు ఏమడిగినా అట్నే అనడం, ఇష్టం లేకపోతే తర్వాత చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోవడం ఆమెకు పుట్టింట్లోనే అబ్బింది. అమ్మా అంతే, అమ్మమ్మా అంతే.

అతిథులు వచ్చిన రోజు, కాళ్లకు కట్టిన తాడు విప్పి ఎండ్రకాయను టబ్బులో వదిలారు. అబిగయీలు ఒకసారి పెంచలమ్మ వైపు చూసి చెయ్యి పెట్టింది. అది వేలు పట్టుకుని వదల్లేదు. రక్తం కారింది, పిల్ల కేక పెట్టింది, క్లాసు పిల్లలు పగలబడి నవ్వారు. మర్నాడు స్కూల్లో పిల్ల బెంచీ మీద ఎవరో సుద్దముక్కతో ఎండ్రకాయ బొమ్మ వేశారు. ఆ సాయంత్రమే పిల్ల పుస్తకాల సంచి కాలనీలో పడేసి, ఇందుకూరుపేట వైపు ఉప్పు కాలువల్లో ఎండ్రకాయలు పట్టే తల్లి పేరమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారానికి రాకపోతే బడి మానేసినట్టు రాసుకుంటామని స్కూలు వాళ్లు కబురు పెట్టారు. ఇంతకుముందు కాలనీలో ముగ్గురు పిల్లలు ఇలాగే చదువు మాని కాలువ పనికి పోయారు. ఒక్కరూ తిరిగి బడికి రాలేదు. ఆదివారం తెల్లారగానే పెంచలమ్మ ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది, ఒక్క మాటా నిలవలేదు.

పోటు తగ్గి కాలువలో నీళ్లు తీశాయి. గట్టు మీద పేరమ్మ బుట్ట సర్దుతోంది.

"పాపను తిట్టబాకు పెద్దమ్మా. నాకూ చేతి సాయమైంది" అంది.

"తిట్టేదానికి నాకేం మొహముందే" అని పెంచలమ్మ చీర ఎగదోపి బురదలోకి దిగింది.

అబిగయీలు తల తిప్పలేదు. ఇద్దరూ పక్కపక్కన బొక్కలు తడుముతూ చాలా దూరం పోయారు. పిల్ల చేతికి గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ కంటపడినప్పుడల్లా పెంచలమ్మ చూపు తిప్పుకుంది.

"అది కరస్తదని నీకు తెల్సు గదా. ఎందుకు ఒప్పుకుంటివి అవ్వా?"

"భయమేసింది పాపా."

"నాకూ భయమేసింది. నువ్వుండావని చెయ్యి పెట్టినా."

పెంచలమ్మ బురద చేతిని చీరకు తుడుచుకుంది. రొంటిన దోపుకున్న ఫోను తీసి పిల్లకు ఇచ్చింది. "సార్‌కి చెయ్యి" అంది.

సుశీల్ కుమార్ సంతోషంగా పలకరించాడు. పెంచలమ్మ ఫోను అందుకుని చెవికి అదిమి పట్టుకుంది.

"పిల్లకాయలు ఇంక ఎవురి ముందరా పట్టరు సార్. నాకు ఇష్టం లేదు. ఆ రోజే చెప్పుండాల్సింది, చెప్పలేదు. చూడాలనుంటే మీరే కాలవకాడికి రండి. నన్ను మానుకోమంటే మానుకుంటా."

"రేపు మాట్లాడదాం" అన్నాడు సుశీల్ కుమార్. అది మంచికో చెడ్డకో ఆమెకు అర్థం కాలేదు.

అబిగయీలు వంగి కాళ్ల బురద కడుక్కుంటోంది.

"ఎనిమిది రోజుల నోట్సు రాయాల. నాకెవురిస్తారు?"

"అడగదాం."

"ఎవుర్ని?"

"నవ్వినోళ్లనే."

పిల్ల లేచి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు గూడా రావాల. గేటుకాడికి కాదు, క్లాసులోకి."

పెంచలమ్మకు పారిపోవాలనిపించింది, నిజంగానే.

"వస్తా" అంది.