ఐదో మూకుడు

మొన్న గోడలకు వేయడానికి తెచ్చిన సున్నపు రాళ్ల మీద మేస్త్రీ నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి లేచిన ఆ ఘాటు వాసనకు, ఈ సంగతి ఇక రాసిపెట్టాల్సిందే అనిపించింది. రసాయనశాస్త్రంలో పరిశోధన చేసిన మా అన్న రాజేశం ఉద్యోగ విరమణ నాడు వేసిన సంచికలో ఆయన పత్రాల పేర్లన్నీ ఉన్నాయి. జనగామలో మా వాడ పెద్దలు మాత్రం ఆయన్ను ఇప్పటికీ సున్నం సారనే అంటారు. ఆ పేరు రావడానికి కారణం నేను. పదో తరగతి దాటలేదు గాని, శాఖా గ్రంథాలయంలో రసాయనశాస్త్రం అలమారలో ఉన్న పుస్తకాలన్నీ చదివిన దాన్ని కాబట్టి, తప్పు లేకుండా రాయగలననే నమ్మకం ఉంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతబడి, హన్మకొండలో బీఎస్సీ చదివే అన్న ఇంటికి వచ్చేశాడు. నాకు తొమ్మిదేళ్లు, మా బడి కూడా మూసేశారు. చలి పోయి ఎండ ఇంకా ముదరని ఆ రోజుల్లో, భూపాలపల్లి వైపు అడవిలో ఉండే మా మేనమామ హోలీకని గోనెసంచుల నిండా మోదుగ పూలు తెచ్చేవాడు. వాకిలంతా ఆరబోస్తే తేనెటీగలు ముసిరేవి. అవ్వ వాటిని కట్టెల పొయ్యి మీద గంగాళంలో ఉడికించి గుప్పెడు సున్నం వేస్తే, పసుపు నీళ్లు చూస్తుండగానే ఎర్రబారేవి. సున్నం లాంటి క్షారం తగిలితే పువ్వులోని పదార్థం తన నిర్మాణంలో ఒక వలయాన్ని విప్పుకుంటుందని, రంగు ముదిరేది అందుకేనని చాలా ఏళ్లకు పుస్తకంలో చదివాను.

అన్నకు ఆ గుప్పెడు లెక్క నచ్చలేదు. ఏడు మట్టి మూకుళ్లలో ఒకే కొలతన రంగునీళ్లు పోసి, సున్నం మాత్రం ఒకదానికంటే ఒకదానిలో ఎక్కువ వేసి, రెండు రోజులు చూసి నోటుబుక్కులో రాయమని నాకు అప్పజెప్పి, స్నేహితుణ్ణి కలవడానికి మానుకోట పోయాడు. మొదటి రోజు అన్నీ ఎర్రగానే ఉన్నాయి, అదే రాశాను. రెండో రోజు పొద్దుగూకేదాకా పక్కింటి అరుగు మీద, ఉప్పుకారం అద్దిన మామిడి పిందెలు కొరుకుతూ అష్టాచెమ్మ ఆడాను. వచ్చేసరికి అవ్వ మూకుళ్లు కడిగి బోర్లించింది. భయపడి, ఐదోది అన్నిటికన్నా ఎర్రగా ఉందని రాసేశాను. ఐదు అంకె నాకిష్టం, అంతే.

అన్న ఆ కొలతన వాడ మొత్తానికి రంగు కలిపాడు. తెల్లారేసరికి అది బురదలా తిరిగింది, అయినా చల్లుకున్నారు. చేతులు మండాయి. ఎదురింటి మల్లమ్మక్క మోచేతులు బొబ్బలెక్కాయి.

"ఏందిర రాజేశం, గిది రంగా, గోడకేసే సున్నమా? గిందుకేనా గంత సదువు?" అంది.

అన్న ఇంట్లోకి వచ్చి నోటుబుక్కు తీశాడు.

"ఐదోది నువ్వు జూసినవా?"

"జూడలే."

ఆయన కోప్పడలేదు. అవ్వనడిగి పుల్లటి చల్లకుండ ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగి, అందరి చేతులూ నీళ్లతో కడిగించి చల్ల పోశాడు. కొలత తానే తప్పానన్నాడు. నోటుబుక్కు మాత్రం మళ్లీ నా చేతికి ఇవ్వలేదు.

ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లో ఆయన పరిశోధన ముగింపుకు వచ్చింది. ఒక లోహపు పొడిని ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చు కాకుండా చర్యను నడిపించే పదార్థంగా వాడి, రెండు అణువులను అతికించేవాడు. కొత్త సీసా విప్పాక చర్య ఆగిపోయింది. పాత సీసాలో కలిసిపోయి ఉన్న ఇంకో లోహమే అంతకాలం పనిచేసిందని తేలింది. ఆ వారం ఇంటికి వచ్చి, నేను బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చున్నాడు.

"థీసిస్ టైపు అయిపోయింది. సీసా సంగతి అండ్ల రాయకుంటె ఎవలకు దెల్వది," అన్నాడు.

"మళ్ల మొదట్నుంచి జేస్తే?"

"రెండేండ్లు. వచ్చే నౌకరి గూడ పోతది."

నాకే ఎందుకు చెప్తున్నాడో అడగలేదు. పొద్దున హైదరాబాద్ బండికి పోయి థీసిస్ వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది, రెండేళ్లు నాలుగయ్యాయి. సంచికలోని పత్రాల్లో సగం ఆ రెండో లోహం గురించినవే.

మేనమామ పూలేరిన చోట ఇప్పుడు బొగ్గు గని ఉంది. మూకుళ్లు చేసే ఇల్లు వాడలో లేదు. హోలీ రంగు పొట్లాల్లో వస్తుంది.

పూల సంగతులు గుర్తుచేసిన మేనమామ కొడుకు సమ్మయ్యకు, అడిగిన పుస్తకం వరంగల్ నుంచి తెప్పించిన లైబ్రేరియన్ యాదగిరి సారుకు, అణువుల బొమ్మలు గీసి చూపిన అన్నకు కృతజ్ఞతలు. చివరగా మల్లమ్మక్కకు. మంట ఎన్ని రోజులుందో అడగడానికి పోయి, నోటుబుక్కులో ఆ తప్పుడు రాత నాదని ఆమెకు మొదటిసారి చెప్పాను. ఆమె తన మోచేతులు చూసుకుని, "మీ అన్న ఎన్నడు జెప్పలేదే," అంది.